మా నాయిన కుట్టిన కాళ్లు

2012 డిసెంబర్ 3. ప్రపంచ వికలాంగుల దినం అని జవహర్‌నగర్‌ల ఒక సభ పెట్టిన్రు. మా నాయినకు సన్మానం. స్టేజీ నాలుగు మెట్ల ఎత్తు కట్టిన్రు గని పట్టుకోనీకి ఒక్క కట్టె పాతలేదు. ఇద్దరు పోరగాళ్లు నాయినను రెక్కలు పట్టి పైకి ఎత్తుకపోయిన్రు. శాలువ కప్పిన్రు. మైకు పట్టుకున్నాయన "అంగవైకల్యాన్ని జయించి, చిన్న వృత్తి చేసుకుంటూ, పిల్లలను చదివించిన ఆదర్శమూర్తి" అన్నడు. అందరు చప్పట్లు కొట్టిన్రు.

ఇంటికొచ్చినంక నాయిన శాలువ మడతపెట్టి నన్నడిగిండు:

"వాళ్లు గిది నేను చెప్పులు కుట్టినందుకిచ్చిన్రా బిడ్డా, కుంటోన్నయినందుకిచ్చిన్రా?"

"రెండిటికి నాయినా" అన్న.

"రెండిటికయితే ఏం కుడ్తనో చెప్పకపాయె. చిన్న వృత్తి అనిండు. దానికి పేరు లేదా?"

అప్పటికి నేను బీయెడ్ చదువుతున్న. మా ఇంట్ల డిగ్రీ ముఖం చూసిన మొదటోన్ని. అయినా ఆ మాటకు జవాబియ్యలేదు. జవాబు తెల్వక కాదు, ఆ పేరు పలకనోళ్లల్ల నేనూ ఒకన్ని. అది ముందుకు చెప్తా.

నాయిన పుట్టింది 1957 ప్రాంతంల, శామీర్‌పేట చెరువు అవతల ఒక ఊళ్లె. తేదీ రాసిపెట్టినోళ్లు లేరు. మూడేండ్లప్పుడు జరమొచ్చింది. సూదులేసేటాయనను పిలిపిస్తే పిర్రకు సూదేసిండు. తెల్లారి లేస్తే కుడికాలు లేవలేదు. "సూదిమందే నా కొడుకు కాలు తిన్నది" అని మా నాయినమ్మ చచ్చేదాక అన్నది. చదువుకున్నంక నేను ఆమెది మూఢనమ్మకం అనుకున్న. తర్వాత తెలిసింది, ఆమె పూర్తిగ తప్పు చెప్పలేదని. పోలియో వైరస్ వెన్నుపాములోని కదలిక నరాల కణాలను చంపుతుంది. ఒంట్లో ఆ వైరస్ ఉన్నప్పుడు కండకు సూది గుచ్చితే ఆ భాగానికే పక్షవాతం వచ్చే ప్రమాదం పెరుగుతుందని వైద్యశాస్త్రమే చెప్పింది. జబ్బు వైరస్‌ది, దారి చూపింది సూది. నోటి చుక్కల మందు అప్పటికి మన ఊర్లకు రాలేదు. ప్రభుత్వ టీకాల కార్యక్రమం 1978లో మొదలైంది, అందులో పోలియో చుక్కలు 1979లో చేరాయి. నాయినకు అప్పటికే పెండ్లీడు వచ్చింది.

పోలియో కాలుకు ఒక సంగతుంది. కదలిక పోతుంది గని స్పర్శ పోదు. ముల్లు గుచ్చుకుంటే తెలుస్తది, చలి తెలుస్తది, ఎవరన్న తన్నితే తెలుస్తది. తియ్యనీకే రాదు.

మా తాత మోట బొక్కెనలు కుట్టేటోడు. మోటబాయి చూడనోళ్లకు చెప్పాలె: ఎడ్లు పగ్గం గుంజుకుంట వాలుల దిగుతుంటే బాయిలకెల్లి తోలు బొక్కెన నీళ్లతోని పైకొస్తది. దాని కింద తొండం ఉంటది, అది కాలువల నీళ్లు వొదులుతది. బొక్కెన, తొండం, ఎడ్ల తోలు వార్లు, కాపోళ్ల కిర్రుచెప్పులు — ఇవన్ని మాదిగోడే చేసియ్యాలె. దానికి పైసలు లేవు. కల్లం కాడ ఇన్ని గింజలు కొలిచేటోళ్లు, అవీ ఆఖరుకు. ఎడ్లు మావి కాదు, బాయి మాది కాదు, పొలం మాది కాదు. నీళ్లు పైకెక్కేది మాత్రం మా తోలుల. తోలు బొక్కెనల నీళ్లు వాళ్ల పొలానికి పారుతయి, మేము ఆ బాయిల చెయ్యి పెడితే మైల. ఇది పరాచికం కాదు, మా తాత బతుకు.

కరెంటు మోటార్లు వచ్చినంక మోటలు ఆగిపోయినయి. బొక్కెన లేదు, గింజలూ లేవు. నీళ్ల పంపుసెట్ల గురించి పుస్తకాలల్ల చాలా చదివిన. పంపుసెట్టు ఒకరి చేతుల పని ఎట్ల తీసేసిందో ఎక్కడా చదవలేదు.

నాయిన మోకాళ్ల మీద పాకుతుంటే తాత రెండు మోకాళ్లకు తోలు తొడుగులు కుట్టిండు. తర్వాత పట్నంల ఒక సర్కారు దవాఖానకు తీస్కపోతే కాలిపర్ ఇచ్చిన్రు: రెండు ఇనుప కమ్మీలు, తొడకు తోలు పట్టీ, మోకాలు మీద బిళ్ల, కింద బూటు మడిమెల కమ్మీలు దూరే గొట్టం. అది తొడిగి మొదటిసారి నిలవడితే నాయినమ్మ ఏడ్చిందట. ఏడాదిన్నరల కాలు పెరిగింది, కాలిపర్ పెరగలేదు. మల్ల పట్నం పోవాలె, లైన్ల నిలవడాలె, రెండు దినాల కూలి పోవాలె. పోయిన్రు. "వచ్చే నెల రా" అన్నరు. ఆ వచ్చే నెల మూడుసార్లు వచ్చింది.

అప్పుడు నాయినకు పన్నెండేండ్లు. కాలిపర్‌ను ఊడబీకి నేల మీద పరిచిండట. ఏ కమ్మీ ఎక్కడ ఒంగిందో, ఏ పట్టీ ఎక్కడ ఒరుసుకుంటుందో చూసిండు. కమ్మరాయన కాడ కమ్మీలను పొడుగు చేయించిండు. తోలు పని తానే చేసిండు. దవాఖాన పట్టీ తొడను కోస్తుండె. తాత లందల ఊరిన తోలుతోని చేసిన పట్టీ కొయ్యలేదు. ఎందుకో అప్పుడు ఇద్దరికీ తెల్వదు. కొయ్యలేదు, అంతే.

ఆ 'ఎందుకో' గురించి కొంచెం చెప్తా, ఎందుకంటే మన పెద్దల తెలివి అక్కడే ఉంది. పచ్చి తోలును సున్నం నీళ్లల్ల నానేస్తరు, వెంట్రుకలు ఊడుతయి. లోపలి కండ గీకుతరు. తర్వాత తంగేడు చెక్క దంచి, ఆ కషాయంల ఊరేస్తరు. లంద అంటే ఈ తొట్టే. కొన్ని ఊర్లల్ల తోలునే సంచి లెక్క కుట్టి, లోపల చెక్క రసం నింపి చెట్టుకు వేలాడదీస్తరు. రసం తోలులకెల్లి చుక్క చుక్క దిగుతది, మల్ల పోస్తరు. దినాలు పడుతది. కంపెనీల క్రోమ్ ఉప్పుతోని ఆ పని తొందరగ అయిపోతది, తోలు మెత్తగ వస్తది. గని క్రోమ్ తోలు నీళ్లల్ల తడిపి అచ్చు మీద గుంజితే ఆ ఆకారం నిలవదు. చెక్కల ఊరిన తోలు నిలుస్తది. తడిపి, తొడ అచ్చు మీద చుట్టి, తాడుతోని కట్టి ఆరబెడితే ఆ తొడ లెక్కనే గట్టిపడుతది. చెమట పీలుస్తది. కొయ్యదు. అందుకే కాలిపర్ పట్టీలకు, కట్టె కాళ్ల తొడుగులకు ప్రపంచమంతా చెట్ల చెక్కల పండిన తోలునే వాడుతూ వచ్చిన్రు.

తంగేడు పువ్వు ఇయ్యాల తెలంగాణ రాష్ట్ర పుష్పం. బతుకమ్మల మొదటి వరుసల పేరుస్తరు. సంతోషమే. ఆ చెట్టు చెక్క దంచి దంచి మా నాయినమ్మ చేతులు గోధుమ రంగుకు తిరిగినయి. ఆ చేతులతోని ముట్టుకుంటే ఆ పువ్వు మైలపడుతుండె.

ఊళ్లె పని లేక 1985 ప్రాంతంల నాయిన, అమ్మ జవహర్‌నగర్‌కు వచ్చిన్రు. ఈ జాగ చరిత్ర కూడ చెప్పాలె. 1950ల మొదట్లో మాజీ సైనికులకు పునరావాసం కల్పించేందుకని ప్రభుత్వం ఇక్కడ అయిదు వేల పైచిలుకు ఎకరాలు తీసుకుంది. అటు బొల్లారం, అల్వాల్, యాప్రాల్ దిక్కు మిలిటరీ. ఇటు హకీంపేటల విమానాల స్థావరం. నడుమ గుట్టలు, రాళ్లు, తుమ్మలు. సైనికుల భూమిల ఖాళీగ ఉన్న దిక్కు పట్నం ఇముడ్చుకోని బీదోళ్లు గుడిసెలేసుకున్నరు. అరవై గజాలు, తెల్లకాయితం మీద రాసుకున్న కొనుగోలు. ఎప్పుడు బుల్డోజర్ వస్తదో తెల్వదు. మా గుడిసె నా చిన్నప్పుడు రెండుసార్లు కూలింది. కూలిన ప్రతిసారి నాయిన మొదలు తీసింది తన పెట్టె: ఆరె, రంపె, గూటం, మైనం దారాలు, ఇనుప దిమ్మ. అమ్మ మొదలు తీసింది నన్ను.

బాలాజీనగర్ దిక్కు పోయే తొవ్వ మీద ఒక యాపచెట్టు కింద నాయిన కూసునేటోడు. చెప్పులు కుట్టేటోళ్లను ఎప్పుడన్న సరిగ్గ చూసిన్రా? వాళ్లు చేతులతోని మాత్రమే కుట్టరు. కాళ్లతోని కుడుతరు. తోలును కాలి బొటనవేళ్ల నడుమ పట్టి గుంజుతరు, పాదాల కింద అదిమి కోస్తరు. కాలంటే వాళ్లకు పట్టుకారు. మా నాయినకు ఆ పట్టుకారుల ఒక దవడ లేదు. అందుకని రెండు పొడుగాటి కట్టె పలకలు తయారు చేయించి, కింద కలిపి కట్టి, ఎడమ మోకాలుకు ఆనించి వాటి నడుమ తోలు ఇరికించేటోడు. చెప్పు తొడ మీద కదలకుంట ఒక తోలు వారును తొడ మీదికెల్లి ఏసి ఎడమ పాదం కింద తొక్కి పట్టేటోడు. ఈ ఉపాయం ఎవరూ నేర్పలేదు. చాన ఏండ్లకు ఒక పుస్తకంల దూరదేశాల చెప్పులు కుట్టేటోళ్ల బొమ్మలు చూసిన. అచ్చం అదే వారు, అవే పలకలు వాళ్ల మోకాళ్ల మీద ఉన్నయి. నాయినకు చూపిస్తే, "వాళ్లకు గూడ కాలు లేదా?" అన్నడు.

ఒకరోజు ఒక రిటైర్డ్ సుబేదారు వచ్చిండు. యుద్ధంల కాలు పోయినోడు. పుణెల మిలిటరీకి 1944 నుంచి కృత్రిమ అవయవాల కేంద్రం ఉంది, ఆయన కాలు అక్కడ చేసింది. మోకాలు కింద కట్టె కాలు, పక్కల ఇనుప కీళ్లు, తొడకు చుట్టే తోలు తొడుగు, దానికి బూటు లెక్క ముందర లేసులు. ఆ తొడుగు చినిగిపోయింది. పుణె పోయి రానీకి ఆయనకు ఓపిక లేదు.

నాయిన తొడుగు చేతుల పట్టుకొని వాసన చూసిండట. "చెక్కల ఊరిన తోలు సాబ్" అన్నడట. ఊరికి కబురు పంపి తాత కాడ ఉన్న ఆఖరు తోలు తెప్పించిండు. పాత తొడుగును విప్పి కాయితం మీద గీసిండు. మనిషి తొడనే అచ్చు చేసి, తడి తోలు చుట్టి, గుడ్డతోని కట్టి గంటసేపు కూసోబెట్టిండు. వారం దినాలకు తొడుగు తయారయింది. సుబేదారు తొడుక్కొని చెట్టు చుట్టు నడిచి, "వాహ్ ఉస్తాద్" అన్నడు.

ఆ మాట నాయిన నాకు వందసార్లు చెప్పిండు. ఊళ్లె ఆయనను అరేయ్ అన్నరు, కుంటోడా అన్నరు, కులం పేరు పెట్టి పిలిచిన్రు. ఉస్తాద్ అన్నది ఆ ఒక్కడే. తర్వాత సుబేదారు తన కుర్చీ తెచ్చి యాపచెట్టు కింద ఏసిండు. తాను కూసోనీకి కాదు. "ఉస్తాద్ జమీన్ పర్ కైసా?" అని. నాయిన దాంట్ల రెండు దినాలు కూసుండి మల్ల నేల మీదికే దిగిండు. కుర్చీల కూసుంటే గూటం దెబ్బ సరిగ్గ పడదట.

సుబేదారు చెప్పంగ చెప్పంగ ఇంకా మనుషులు వచ్చిన్రు. పోలియో పిల్లలు, లారీ కింద కాలు నలిగినోళ్లు, షుగరు పుండ్లోళ్లు. పోలియో కాలు పొట్టిగుంటది, పాదం గూడ చిన్నగుంటది. ఎడమకు ఎనిమిది నంబరు, కుడికి ఆరు. దుకాణంల జత విడదీసి ఇయ్యరు. రెండు జతలు కొని రెండు చెప్పులు పారెయ్యాలె. బీదోడు అట్ల కొనలేడు, అందుకే చిన్న కాలుకు పెద్ద చెప్పు ఏసి గుడ్డలు కుక్కుతడు. నాయిన ఏం చేసిండంటే, కుడికాలు చిన్నోన్ని, ఎడమకాలు చిన్నోన్ని జత చేసిండు. ఇద్దరికి కలిపి రెండు జతలు. మిగిలిన ఒంటి చెప్పులు పారెయ్యక ఒక రేకు పెట్టెల పెట్టేటోడు. ఎప్పటికో ఎవరికో పనికొచ్చేటివి. పొట్టి కాలుకు అట్ట మీద అట్ట ఏసి ఎత్తు పెంచేటోడు: కింద లారీ టైరు, నడుమ తేలికగ ఉండనీకి హవాయి చెప్పుల రబ్బరు, మీద తోలు.

ఇదే పని ఇంకోచోట చేస్తే చరిత్ర అయింది. జైపూర్‌లో రామచంద్ర శర్మ అనే చేతిపని మాస్టరు, డాక్టర్ పి.కె.సేథీ కలిసి 1968లో రబ్బరు పాదం తయారు చేసిన్రు. చెప్పు లేకుంట నడవొచ్చు, పొలంల దిగొచ్చు, గొంతుకు కూసోవచ్చు. అదే జైపూర్ పాదం. 1981లో సేథీకి రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. డాక్టరును తక్కువ చెయ్యాలని కాదు, ఆయన ఆ గౌరవానికి తగినోడే. గని అవార్డు డాక్టరు పేరు మీద వచ్చింది, రబ్బరును పాదం చేసిన చేతిపనోని పేరు చాన మందికి తెల్వదు. ఇక్కడ హైదరాబాద్‌లోనే, 1990లలో అబ్దుల్ కలాం దగ్గరి శాస్త్రవేత్తలు నిమ్స్ డాక్టర్లతోని కలిసి క్షిపణులకు వాడే తేలిక పదార్థంతో పోలియో పిల్లలకు కాలిపర్ చేసిన్రు. మూడు కిలోల పైచిలుకు బరువు మూడు వందల గ్రాములకు దిగింది. ఆ కత నాయినకు చదివి వినిపించిన. చాన సంతోషపడ్డడు. తర్వాత అడిగిండు: "పట్టీ దేంతోని చేసిన్రట?"

పుస్తకంల పట్టీ సంగతి లేదు.

ఇగ నా సంగతి. 1994 జులైల ప్రకాశం జిల్ల ఈదుముడిల మంద కృష్ణ మాదిగ నాయకత్వంల దండోర పుట్టింది. పేరు వెనుక శర్మలు, రెడ్లు ఉన్నట్టే మాదిగ అని పెట్టుకున్నరు మనోళ్లు. ఆ గాలి జవహర్‌నగర్‌కూ వచ్చింది. డప్పులు మూసి నాయిన దండోర సభలకు పని చేసిండు. 2001ల, నేను ఎనిమిదో తరగతిల ఉన్నప్పుడు, తెల్లరంగు డబ్బ, కుంచె తెచ్చి, "నా పెట్టె మీద నా పేరు రాయి బిడ్డా. ఎనుక మాదిగ అని రాయి" అన్నడు.

ఆయనకు చదువు రాదు. నేను పేరు రాసిన. మాదిగ అని రాయలేదు. మా బడి పిల్లలు ఆ తొవ్వకే వచ్చేది. నాయిన చెప్పులు కుడుతడని బడిల ఎవ్వరికీ చెప్పలేదు నేను. "మీ నాయిన ఏం చేస్తడు?" అంటే "దుకాణం" అనేటోన్ని. పేరు రాసి, "రాసిన నాయినా" అన్న. నాయిన తడి ఆరేదాక ఈగ వాలకుంట గుడ్డతోని ఇసిరిండు.

రెండేండ్లు ఆ పెట్టె అట్లనే తొవ్వ మీద ఉంది. వచ్చినోళ్లకు "నా కొడుకు రాసిండు" అని చూపెట్టేటోడు. ఒక దినం దండోర కార్యకర్త ఒకాయన చెప్పు తెగి వచ్చి, చదివి, "ఉత్త పేరే రాపిచ్చినవేందే?" అన్నడట. నాయిన ఆయనకు ఏం చెప్పిండో నాకు తెల్వదు. రాత్రి బువ్వ తినుకుంట నా దిక్కు చూడకుంట అడిగిండు:

"జాగ సరిపోలేదా బిడ్డా?"

అంతే. తిట్టలేదు, కొట్టలేదు. నేను బువ్వ ఇడిసిపెట్టి లేచిన. అమ్మకు సంగతి తెల్వదు, జరమొచ్చిందేమో అని నొసలు పట్టి చూసింది. తెల్లారి మూడింటికి లేచి పెట్టెను దీపం కాడికి గుంజుకొని మిగిలిన జాగల మాదిగ అని రాసిన. నిజంగనే జాగ సరిపోలేదు. 'గ' పక్కకు ఒరిగింది.

కాలు గురించి చట్టం చాన మాట్లాడింది. 1995ల చట్టం వచ్చి ఉద్యోగాలల్ల మూడు శాతం ఇచ్చింది. 2016 చట్టం దాన్ని నాలుగు శాతం చేసింది, వైకల్యాల లెక్కను ఇరవై ఒకటికి పెంచింది. సదరెం క్యాంపుల డాక్టరు కాలును ఎత్తి, దించి, శాతం రాసిచ్చిండు. 2014 నవంబర్ నుంచి ఆసరా పింఛను పదిహేను వందలయింది, 2019ల మూడు వేల పదహారు. నాయినకు అవి అక్కరకొచ్చినయి, కాదన. గని ఆయనను ఊళ్లె బాయి కాడికి రానియ్యనిది కాలు కాదు. కాలు మంచిగున్న మా తాతను గూడ రానియ్యలేదు. ఏ క్యాంపుల శాతం రాపిచ్చుకోవాలె దానికి?

ఇంకొకటి. నాయిన ఇంటెనుక చిన్న తొట్టి పెట్టి మేక తోళ్లు ఊరేస్తే గల్లీ అంత వాసనని కొట్లాడిన్రు. తొట్టి తీసేసిండు. ఆ తర్వాత హైదరాబాద్ నగరం తన చెత్తనంత తెచ్చి జవహర్‌నగర్‌ల మూడు వందల ఎకరాలకు పైగ పోసింది. బోరుల నీళ్లు రంగు మారినయి. 2019ల మాది మున్సిపల్ కార్పొరేషన్ అయింది. గాలి తిరిగిన రాత్రి కిటికీలు మూసుకుంటం.

అరవై దగ్గరపడ్డంక నాయినకు మంచి కాలే వశం తప్పింది. భుజాలు గుంజినయి. ఒక దవాఖానల "వయసు" అన్నరు, ఇంకోచోట "ఏం లేదు" అన్నరు. నేనే చదివి తెలుసుకున్న. పోలియో నుంచి బతికి మిగిలిన నరాలు చచ్చినవాటి కండలను గూడ తమ మీద ఏసుకొని ముప్ఫై నలభై ఏండ్లు మోస్తయి. తర్వాత అవీ అలసిపోతయి. దేశంల ఆఖరు పోలియో కేసు 2011 జనవరిల వచ్చింది, 2014 మార్చిల పోలియో లేదని ప్రకటించిన్రు. కొత్త కేసులు లేవు. పాతోళ్లు మాత్రం అట్లనే ఉన్నరు, అలసిపోతున్నరు. వాళ్ల గురించి అడిగే డాక్టర్లు తక్కువ.

2019ల నాకు టీచర్ నౌకరి వచ్చింది. ఆర్డర్ కాయితం నాయిన చేతుల పెడితే అక్షరాల మీద వేలు పెట్టుకుంట పోయి, "మాదిగ అని ఏడున్నది?" అని నవ్విండు. 2021ల పోయిండు. వర్గీకరణ మీద 2024 ఆగస్టుల సుప్రీంకోర్టు తీర్పు రానీకి, 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణల చట్టం అమలు కానీకి ఆయన లేడు.

పోయిన నెల దినాలకు ఒక ఆడామె, ఒక ముసలాయన, ఇంకొక పిల్లగాడు ఒకరెనుక ఒకరు వచ్చిన్రు. వాళ్ల చెప్పులు నాయిన కాడ ఉన్నయట. రేకు పెట్టె తీసిన. ఒంటి చెప్పులు, కట్టె అచ్చులు, అడుగున న్యూస్ పేపర్ల కట్ట. ప్రతి పేపరు మీద పెన్సిలుతోని ఒక పాదం గీసి ఉంది. పేర్లు లేవు. పేర్లు రాయనీకి ఆయనకు రాదు. ఒకచోట సున్న, ఒకచోట అడ్డగీత, మడిమె కాడ మూడు చుక్కలు. ఎక్కడ నొస్తదో, ఎక్కడ ఎత్తు కావాల్నో, ఎక్కడ పుండున్నదో ఆయన రాసుకున్న రాత అది. నేను రోజూ పిల్లలకు అక్షరాలు దిద్దిస్త. దాంట్ల ఒక్క గీత అర్థం కాలేదు.

ఏది ఎవరిదో ఎట్ల చెప్పాలె అని నిలవడ్డ. ఆ పిల్లగాడే కూసుండి, కాయితాలన్ని నేల మీద పరిచి, తన కాలును ఒక్కొక్క బొమ్మ మీద పెట్టుకుంట పోయిండు. ముసలాయన గూడ చెప్పు ఇడిసిండు. ఏడో ఎనిమిదో కాయితం మీద పిల్లగాని పాదం గీతల మధ్య సరిగ్గ కూసున్నది. "సార్, ఇది నాది" అన్నడు.